ప్లాస్టిక్ పార్టుల షాపులో ట్రైనింగ్ మాన్పించాలా?

చిత్తూరు నుంచి ఒక తండ్రి అడిగారు: "మావాడు తిరుపతిలో డిప్లొమా మెకానికల్ ఆఖరి ఏడాది. రేణిగుంట దగ్గర ఒక సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే మిషన్ల) షాపులో ట్రైనింగ్‌కి వేశారు. పొద్దస్తమానం నైలాన్, డెల్రిన్ అనే ప్లాస్టిక్‌లతో బుష్‌లే (షాఫ్టు తిరిగే చోట వేసే గొట్టం ముక్కలు) చేస్తున్నారట. ఇనుము పని వస్తే ఎక్కడైనా బతుకుతాడు, ప్లాస్టిక్ తిప్పి ఏం నేర్చుకుంటాడు? వేరే షాపుకు మార్చి, ఈసెట్ రాయించమంటారా?"

షాపు మార్చకండి. డిప్లొమావాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ సంగతి చివర్లో చెబుతాను.

ప్లాస్టిక్ మెత్తన కాబట్టి పని సులువని మీరు అనుకుంటున్నట్లుంది. కోయడం సులువే, సైజు నిలబెట్టడం కష్టం. ఒక లెక్క చూడండి. 100 మి.మీ. డెల్రిన్ ముక్క 20 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు 0.2 మి.మీ. పెరుగుతుంది. అదే ఉక్కు 0.02 మి.మీ. దగ్గర ఆగుతుంది. మన ఎండాకాలంలో షెడ్డులో 40 డిగ్రీలుంటుంది, కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మిషన్ మీద సరిగ్గా వచ్చిన జాబ్ ఏసీ గదిలో ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లేసరికి తక్కువ చూపిస్తుంది. మీవాడు దీన్ని ముందే లెక్కగట్టి కోయడం నేర్చుకుంటే, ఇనుము పనిలోకి వెళ్లినా ఆ జాగ్రత్త వెంటే ఉంటుంది.

అసలు విద్య మెటీరియల్ ఎంచుకోవడంలో ఉంది. మన జిల్లాలోని మామిడి గుజ్జు ఫ్యాక్టరీనే తీసుకోండి. అక్కడ కన్వేయర్‌కి ఒక బుష్ అరిగిపోయిందనుకుందాం. నైలాన్ గట్టిది, దెబ్బకు ఓర్చుకుంటుంది, ధర తక్కువ. అందుకని చాలామంది కళ్లు మూసుకుని నైలాన్ వేసేస్తారు. కానీ నైలాన్ 6 నీళ్లు తాగుతుంది. నిండా నానితే తన బరువులో దాదాపు 9 శాతం నీరు పీల్చి ఉబ్బుతుంది. రోజూ కడిగే చోట ఆ బుష్ షాఫ్టును పట్టేస్తుంది. డెల్రిన్ అయితే ఒక రోజంతా నీళ్లలో ఉన్నా పీల్చేది పావు శాతమే. సైజు కదలదు, మిషనింగ్‌కి కూడా హాయి. అయినా అక్కడితో అయిపోలేదు. కడగడానికి క్లోరిన్ కలిపిన నీళ్లు వాడితే డెల్రిన్ కాలక్రమేణా దెబ్బతింటుంది. అలాంటి చోట యూహెచ్‌ఎండబ్ల్యూ పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ చూడాలి. నీళ్లు పీల్చదు, రాపిడికి బాగా తట్టుకుంటుంది, సీసాలు జారే గైడ్ పట్టీలకు చాలాచోట్ల అదే వాడతారు. కాకపోతే 80 డిగ్రీలు దాటిన వేడిలో దాన్ని నమ్మలేం, సన్నటి టాలరెన్స్ (సైజులో అనుమతించే తేడా) కూడా నిలవదు.

టెఫ్లాన్ 260 డిగ్రీల దాకా ఆగుతుంది, రసాయనాలకు లొంగదు. అయితే బరువు పడితే మెల్లమెల్లగా నలిగిపోతుంది, కాబట్టి సీల్‌కి మంచిది, గేర్‌కి పనికిరాదు. వేడీ బలమూ రెండూ కావాలంటే పీక్ అనే ప్లాస్టిక్ ఉంది, 343 డిగ్రీలకు గానీ కరగదు. దాని ధర నైలాన్‌కి ఎన్నో రెట్లు. ఒక్క ముక్క పాడైనా ఓనరు ముఖం మారిపోతుంది. కొత్త కుర్రాడి చేతికి పీక్ ఇచ్చారంటే వాడి మీద నమ్మకం కుదిరినట్లే.

ఒక జాగ్రత్త మాత్రం మీరే చెప్పాలి. టెఫ్లాన్ పొడి అంటిన చేతులతో సిగరెట్ ముట్టుకోకూడదు, ఆ పొడి కాలి వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. డెల్రిన్ చెత్తను షాపు వెనక తగలబెట్టకూడదు, ఫార్మాల్డిహైడ్ వస్తుంది. ఇవి చెప్పని సూపర్‌వైజర్లను చాలామందిని చూశాను, ఆ నిర్లక్ష్యానికి నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక ఈసెట్. రాయించండి. మంచి ర్యాంకు వచ్చి, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో మంచి కాలేజీ దొరికితే పంపండి. ఏదో ఒక సీటు కోసమైతే వద్దు. దానికి బదులు సిపెట్ చూడండి. ప్లాస్టిక్ రంగం చదువులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ, మన రాష్ట్రంలో విజయవాడలో ఉంది. మెకానికల్ డిప్లొమా చేసినవాళ్లకు ప్లాస్టిక్ మోల్డ్ (అచ్చు) డిజైన్, క్యాడ్ క్యామ్‌లో (కంప్యూటరుతో డిజైన్, తయారీ) ఏడాదిన్నర పోస్ట్ డిప్లొమా ఉంది. సిపెట్ అడ్మిషన్ టెస్ట్ రాయాలి. ఆ కోర్సు అన్ని కేంద్రాల్లో ఉండదు, కాబట్టి ఎక్కడ నడుపుతున్నారో ఆ ఏడాది ప్రకటనలో చూసుకుని అప్లై చేయించండి. శ్రీసిటీ మనకు పక్కనే, ఈ చదువు పనికొచ్చే ఫ్యాక్టరీలు అక్కడ ఉన్నాయి.

ట్రైనింగ్ అయ్యేలోపు వాడితో ఒక నోటుబుక్కు పెట్టించండి. చేసిన ప్రతి పార్టుకూ మెటీరియల్ ఏది, అది ఎక్కడ పనిచేస్తుంది, అక్కడ వేడి, నీళ్లు, బరువు ఎంత, రిజెక్ట్ అయితే ఎందుకైంది, ఇవన్నీ రాసుకోవాలి. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకెళ్లమనండి.