పెన్సిలిన్ కథలో బూజు తర్వాత జరిగింది ఎవరూ చెప్పరు

"అనుకోకుండా కనిపెట్టినవాటిలో మీకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఏది?" అని అడిగారు. నేను చాలాకాలం మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. ఇప్పుడు విద్యార్థులతో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. నా జవాబు పెన్సిలిన్. పాత కథే కదా అనుకోకండి. అందరూ చెప్పుకునే వరసలో చేస్తే అది పనిచేయదు.

1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బ్యాక్టీరియా ప్లేట్లు బల్ల మీదే వదిలేసి సెలవులకు వెళ్లాడు. సెప్టెంబరులో తిరిగొచ్చేసరికి ఒక ప్లేటులో బూజు పడి, దాని చుట్టూ బ్యాక్టీరియా మాయమైంది. మనందరం విన్నది ఇదే.

ఒక బ్యాచ్ పిల్లలు దీన్ని స్వయంగా చేసి చూస్తామని పట్టుబట్టారు. సరేనని మైక్రోకాకస్ లూటియస్ అనే బ్యాక్టీరియా ఇచ్చాను. పసుపు రంగులో పెరుగుతుంది, ఆరోగ్యవంతులకు హాని చేయదు, పెన్సిలిన్‌కు ఇట్టే లొంగుతుంది. ప్లేటు నిండా పసుపు పొర పట్టాక మధ్యలో పెన్సిలిన్‌ను తయారుచేసే పెన్సిలియం బూజు పెట్టారు. బూజు పచ్చగా, ఏపుగా పెరిగింది. పక్కనున్న పసుపు పొర మాత్రం చెక్కుచెదరలేదు. పిల్లల మొహాలు వాడిపోయాయి. అప్పుడు వరస తిప్పమన్నాను. ముందు బూజు పెట్టి, చల్లటి చోట కొన్నాళ్లు పెరగనిచ్చి, తర్వాతే బ్యాక్టీరియా పూసి వెచ్చగా ఉంచాలి. ఈసారి బూజు చుట్టూ తేటగా, గుండ్రంగా ఖాళీ ఏర్పడింది. ఒకమ్మాయి ఆ ప్లేటును ట్యూబులైటు వైపు ఎత్తి పట్టుకుని ఎంతసేపు చూసిందో! ఆ రోజు ల్యాబు టైము అయిపోయినా ఎవరూ కదల్లేదు.

కారణం సులువే. బ్యాక్టీరియా పెరుగుతూ కణకవచం కట్టుకునేటప్పుడే పెన్సిలిన్ ఆ కట్టుబడిని చెడగొడుతుంది. పెరగడం ఆగిపోయినవాటిని దాదాపు ఏమీ చేయలేదు. ఫ్లెమింగ్ ప్లేటులో కూడా బూజే ముందు పెరిగి ఉండాలి. రొనాల్డ్ హేర్ అనే శాస్త్రవేత్త ఆనాటి లండన్ వాతావరణ రికార్డులు తిరగేసి చూస్తే, జూలై చివర, ఆగస్టు మొదట్లో చలి, ఆ తర్వాత వేడి అని తేలింది. చలికి బూజు పెరిగింది, వేడికి బ్యాక్టీరియా లేచింది. అదృష్టం అంటే బూజు పడడం ఒక్కటే కాదు, ఆ వారం వాతావరణం కూడా.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు. అనుకోకుండా కనిపెట్టినవాటి జాబితాలు వేసే పోస్టులన్నీ ఇక్కడే ఆగిపోతాయి, నాకు ఒళ్లు మండేది అక్కడే. మైక్రోవేవ్ కథా అంతే: ఒక ఇంజనీరు జేబులో చాక్లెట్ కరిగింది, ఓవెన్ పుట్టింది అని రాసేస్తారు. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ మనిషంత ఎత్తు, 340 కిలోల బరువు. దాన్ని వంటింట్లో పట్టేలా చేసినవాళ్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు.

ఫ్లెమింగ్ 1929లో పేపరు రాశాడు. ఆ బూజు రసం నుంచి మందును శుద్ధి చేయడం ఆయన బృందం వల్ల కాలేదు. పదేళ్లు అలాగే గడిచిపోయాయి. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని మళ్లీ పట్టుకున్నప్పుడు, చేతికి మందు వచ్చేలా చేసింది వాళ్ల బృందంలోని నార్మన్ హీట్లీ. రసాన్ని చల్లబరిచి ఆమ్లం కలిపితే పెన్సిలిన్ ఈథర్ అనే ద్రావణిలోకి వస్తుంది. ఆ ఈథర్‌ను కాస్త క్షారగుణమున్న నీటితో కలిపితే తిరిగి నీటిలోకి దిగుతుంది. ఈ రెండో మెట్టు ఆయన ఆలోచనే. యుద్ధకాలం, ఏదీ దొరకదు. లైబ్రరీ వద్దని పారేసిన పుస్తకాల బీరువాలో సీసాలు, గొట్టాలు బిగించి యంత్రం తయారుచేశాడు. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా ఎక్కించి నాలుగింటికే మందు ఇచ్చారు. రాత్రంతా కాపలా కాసింది హీట్లీయే. తెల్లవారుజాము మూడున్నరకల్లా మందు అందని నాలుగూ చనిపోయాయి, మిగతా నాలుగూ బతికే ఉన్నాయి. మరుసటి ఏడాది ఇన్ఫెక్షన్‌తో చావుబతుకుల్లో ఉన్న ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఇస్తే కోలుకోవడం మొదలుపెట్టాడు. ఆయన మూత్రం నుంచి కూడా పెన్సిలిన్‌ను తిరిగి తీసి వాడారు. అయినా నిల్వ అయిపోయింది, ఆయన దక్కలేదు. ఆ కొరత చూసినవాళ్లెవరూ ఈ మందును అదృష్టం ఇచ్చిందని అనరు.

1945 నోబెల్ ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకు వచ్చింది. హీట్లీకి రాలేదు. నేనూ ఒకచోట నెలల తరబడి కల్చర్లు కాపాడాను, పేపరు అచ్చయితే కృతజ్ఞతల్లో కూడా నా పేరు లేదు. అందుకే ఈ విషయం దగ్గర ఊరుకోలేను. ల్యాబులో చేతులతో పనిచేసేవాళ్లను లెక్కలోకి తీసుకోకుండా సైన్సు చరిత్ర రాస్తే అది సగం చరిత్రే.

ఆక్స్‌ఫర్డ్ 1990లో హీట్లీకి గౌరవ వైద్య డాక్టరేట్ ఇచ్చింది. డాక్టరు కాని మనిషికి అలా ఇవ్వడం ఆ విశ్వవిద్యాలయం ఎనిమిది వందల ఏళ్ల చరిత్రలో మొదటిసారి. అప్పటికి ఆయనకు 79 ఏళ్లు. ఈసారి పెన్సిలిన్ గురించి రాసేవాళ్లు ఎవరైనా దయచేసి ఆయన పేరు కూడా చేర్చండి. ఒక్క వాక్యం చాలు.