ఆపరేషన్‌కి ముందు అభ్యంగనం: అమ్మగారి కోరిక తీర్చండి

బ్రదర్, స్విమ్స్‌లో గుండె ఆపరేషన్‌కి ముందు అమ్మ చర్చి ఫాదర్‌గారిని పిలిచి అవస్థ అభ్యంగనం (జబ్బుపడినవాళ్లకు నూనె పూసి ప్రార్థించే కతోలిక సంస్కారం) చేయించమంటున్నారు, 'అది చేయిస్తే ఇక ఆశ వదులుకున్నట్టే' అని మీ అన్నయ్య వద్దంటున్నారు, అదే కదా మీ టెన్షన్. పిలవండి. అమ్మగారి మాటే సరైనది.

ఒకప్పుడు మన ఇళ్లలో చివరి ఘడియల్లోనే ఫాదర్‌ని పిలిచేవాళ్లు, అందుకే ఆ భయం. కానీ అది చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు మాత్రమే కాదని రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ కతోలిక బిషప్పుల సభ) 1963లోనే చెప్పింది, 1972లో ఆరో పౌలు పోపుగారు ఈ సంస్కారానికి కొత్త ప్రార్థనా క్రమం ఇచ్చారు. జబ్బు తీవ్రమైనదైతే పెద్ద ఆపరేషన్‌కి ముందు తీసుకోవచ్చు, జబ్బు ముదిరినా మళ్లీ వచ్చినా మరోసారి కూడా తీసుకోవచ్చు.

రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు ప్రభువు నామంలో నూనె రాసి ప్రార్థించాలని యాకోబు లేఖ 5:14లో ఉంది. అది మంత్రించిన నూనె కాదు, ఆపరేషన్‌కి బదులూ కాదు. నుదుటికి, చేతులకు నూనె పూసి, పరిశుద్ధాత్మ కృప ఆమెకు తోడుండాలని, ప్రభువు ఆమెను లేవనెత్తాలని ప్రార్థిస్తారు. అంత భయంలో ఉన్న మనిషికి ఆ ధైర్యం ఎందుకు దూరం చేయాలి?

ముందురోజే పిలవండి, ఎందుకంటే అమ్మగారు మాట్లాడగలిగినప్పుడే పాపసంకీర్తనం చేసుకుని (పాపాలు ఫాదర్‌కి చెప్పుకుని), సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) కూడా తీసుకోవచ్చు (ఏమీ తినకూడదని చెప్పి ఉంటే నర్సుని అడగండి). మీ విచారణ గురువుకి (మీ చర్చి ఫాదర్‌కి) వార్డు, బెడ్ నంబర్ చెప్పండి. అన్నయ్యను కూడా పక్కన నిలబడమనండి.