సంతకం నాలుగు రోజులు ఆపు

తమ్ముడూ,

నీ పాట బరాత్‌లలో మోగుతోందని, చానెల్ వాళ్లు అగ్రిమెంటు పంపారని రాశావు. చాలా సంతోషం. సంతకం మాత్రం నాలుగు రోజులు ఆపు.

కాపీరైట్ చట్టం నీ పాటను మూడుగా చూస్తుంది: మాటలు, బాణీ, రికార్డు చేసిన ఆడియో. రికార్డింగుకు డబ్బు వాళ్లు పెట్టారు కాబట్టి ఆడియో వాళ్లది. మాటలు, బాణీ నువ్వు రాసిస్తేనే వాళ్లవవుతాయి. "సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న ఒక్క వాక్యంతో ఆ రెండూ చేజారిపోతాయి. దాన్ని కొట్టేయించు. ఏ పాట, ఏ హక్కు, ఎన్నేళ్లు, ఎక్కడ, ఎంత సొమ్ము అన్నవి విడివిడిగా రాయించు. గడువు రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే.

ఆ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత, నీ రాయల్టీ వాటా (పాట వాడుకున్నందుకు నీకు రావాల్సిన డబ్బు) వదులుకుంటున్నానని చానెల్‌కు రాసిచ్చినా చెల్లదు. కానీ ఆ డబ్బు దానంతట అది ఇంటికి రాదు. ఆ డబ్బు వసూలు చేసి పంచే సంఘాలున్నాయి: రచయితగా, స్వరకర్తగా ఐపీఆర్‌ఎస్‌లో, గాయకుడిగా ఇసామ్రాలో చేరు. ప్రతి పాటనూ నమోదు చేయించు. నీ పేరు స్పెల్లింగు బ్యాంకులో, పాట క్రెడిట్‌లో ఒకేలా ఉండాలి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ సాహిత్యానికి ఫీజు 500 రూపాయలే, తగాదా వస్తే ఆ కాగితం ఆదుకుంటుంది.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైంది ఇంకొకటుంది. నీ పల్లవి నాట్లేసే అమ్మల నోట విన్నదైతే "రచన" అని వేసుకోకు. "పల్లవి: జానపదం, సేకరణ ఫలానా ఊరు. చరణాలు: నీ పేరు" అని వేయించు. పాడి వినిపించిన అమ్మను అడిగి ఆమె పేరూ పెట్టించు. ఆమె పాడింది తేదీతో ఫోన్లో దాచు. మన జానపదాల్లో గొడవలు ఈ ఒక్క లైను దగ్గరే మొదలవుతాయి. ఆమె నోటి నుంచి వచ్చిన మాటకు ఆమె పేరు లేకపోవడం అన్యాయం కూడా.

ఇక స్టేజీ. ప్రోగ్రాం ఒప్పుకున్నప్పుడు సగం డబ్బు, మైకు పట్టే ముందు మిగతా సగం తీసుకో. సభ ఏ పార్టీదో ముందే అడుగు. నీ పాటలో మాటలు మార్చి నాయకుడి పేరు తగిలించి, నీ పరువుకు భంగం తెస్తే, హక్కులు అమ్మేసినా సరే, కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద నిలదీయొచ్చు.

మానిటర్ స్పీకరు లేకుండా పాడకు. నీ గొంతు నీకు వినపడకపోతే డప్పుల మీద అరుస్తావు, మూడో పాటకే జీర వస్తుంది. స్టూడియోలో ఐదు శృతిలో పాడావు కదా, అర్ధరాత్రి ఆరుబయట నాలుగున్నరకు దించుకో. జీర వచ్చిన రోజు గుసగుసగా కూడా మాట్లాడకు, గొంతుకు అదీ భారమే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించు.

అగ్రిమెంటు ప్రతి పేజీ ఫోటో తీసి పంపు. గడువు, ప్రాంతం ఉన్న పేజీలు ముందు పంపు.

నీ అన్న