ఆక్సిజన్ గడి మరచిపోకు, లావణ్యా

బ్రాడీపేట, గుంటూరు

లావణ్యా,

కోవిడ్ లాంటి మహమ్మారి మళ్లీ వస్తే విజయవాడ, గుంటూరు ఆసుపత్రులన్నీ పేషెంట్ల వివరాలు ఒకే ఫారంలో రాసేలా చేసే పని నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. "మళ్లీ వస్తే" అన్న మాటకు ఒళ్లు జలదరించింది. కాసేపయ్యాక పక్కింటావిడకు గొప్పగా చెప్పుకున్నాననుకో.

కొత్తగా ఏమీ కనిపెట్టకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే ఫారం ఇచ్చింది: చేరిన రోజుకు ఒక భాగం, ఉన్నన్నాళ్లూ రోజువారీ ఒకటి, డిశ్చార్జికో మరణానికో చివరిది. అదే తీసుకో. జ్వరం సెంటీగ్రేడా ఫారన్‌హీటా ముందే తేల్చు. రక్తం గడ్డకట్టడాన్ని పట్టిచ్చే డి-డైమర్ పరీక్ష అంకె పక్కన యూనిట్ రాయించు, ల్యాబులు వాడే రెండు యూనిట్లలో ఎఫ్‌ఈయూలో వచ్చే అంకె డీడీయూకి దాదాపు రెట్టింపు ఉంటుంది.

ఇక ఆక్సిజన్ సంగతి. 2020లో నేను డ్యూటీ చేసిన చోట కేస్ షీట్‌లో సాచురేషన్‌కి, అదే రక్తంలో ఆక్సిజన్ శాతానికి, ఒకే గడి. 96 అని రాసేవాళ్లు. మామూలు గాలి మీద 96 వేరు, మాస్కుతో నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ పెడితే వచ్చే 96 వేరు. ఒక పెద్దాయనకు వరసగా 95, 96 ఉన్నాయని పక్క వార్డులో ఆక్సిజన్ లేని మంచానికి మార్చారు. రాత్రి డ్యూటీ సిస్టర్ ఆయన పెదవులు నల్లబడ్డం చూసింది కాబట్టి సరిపోయింది. తప్పెవరిదని పెద్ద మీటింగు పెట్టారు. గడే లేనప్పుడు ఎవరు రాస్తారు?

ఆ జూన్‌లోనే కోవిడ్ మందుల మీద బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు ఉపయోగం కనపడలేదు. మా రికార్డులు తిరగేస్తే ఎవరు ఏ గుంపో తేలదు. కట్టలకొద్దీ కాగితాలు ఉండి ఏం లాభం? కాబట్టి ఎన్ని లీటర్లు, మాస్కా, ముక్కు గొట్టమా అన్నది సాచురేషన్ పక్కనే ఉండాలి, వేరే పేజీలో కాదు.

నీకు చిన్నప్పటినుంచీ అన్నీ కావాలి. అన్నం పెడితే పప్పు, పచ్చడి, అప్పడం మూడూ ఒకేసారి. ఫారంలో ఆ బుద్ధి చూపించకు! రెండు జతల గ్లౌజులు, మసకబారిన కళ్లద్దాలతో తెల్లవారుజామున రాసే అమ్మాయిని తలుచుకో. "లేదు", "చేయలేదు", "తెలియదు" మూడూ వేరుగా పెట్టు. ఖాళీ గడిని తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్లు చదువుకుంటారు. బంధువులు హైదరాబాద్ తీసుకెళ్లిపోయిన పేషెంటును డిశ్చార్జి కింద వేయనివ్వకు.

పేర్లు ఫారంలోకి రానివ్వకు, నంబరు చాలు. ఏ పేరు ఏ నంబరో బీరువాలో తాళంలో ఉండాలి. మా వీధిలో ఒకరి పేరు వాట్సాప్‌లో తిరిగితే పాలబ్బాయి ఆ ఇంటివైపు రావడం మానేశాడు. ఆ ఇల్లాలు నెల్లాళ్లు తలుపు తీయలేదు. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

వార్డులో కాగితం పట్టుకుని నువ్వే తిరగకు తల్లీ. మేం గాజు తలుపుకి ఆనించి చూపిస్తే అవతల ఫోటో తీసుకునేవాళ్లు. నీ బుగ్గల మీద మాస్కు గీతలు చూడాలని నాకు లేదు.

ప్రింటుకిచ్చే ముందు ఇద్దరు నైట్ డ్యూటీ సిస్టర్ల చేత నింపించి చూడు. ఒక కాపీ నాకూ పంపు, కాస్త పెద్ద అక్షరాల్లో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ