పొట్టి శ్రీరాములు గారి స్క్రిప్ట్ గురించి

అమ్మా,

నువ్వు పంపిన డాక్యుమెంటరీ స్క్రిప్ట్ చదివాను. వాయిస్ ఓవర్ చక్కగా వచ్చింది. కానీ కథ నడిచిన తీరు నాకు నచ్చలేదు. 1952 అక్టోబరు 19న మద్రాసులో స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం శ్రీరాములు గారి నిరాహార దీక్ష మొదలైంది, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం పోయింది, మరుక్షణం తెర మీద తెలంగాణతో కలిపిన ఆంధ్రప్రదేశ్ మ్యాప్! ఏటా టీవీలో వచ్చేదీ ఇదే.

ముందు ఆ మ్యాప్ తీసెయ్. 1953 అక్టోబరు 1న వచ్చింది ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు రాజధానిగా. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబరు 1న. ఈయన దీక్షకు కొద్ది వారాల ముందే హైదరాబాదులో ముల్కీ ఉద్యమం (ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ఉద్యమం) మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. వరంగల్‌లో కూర్చుని నీ కార్యక్రమం చూసే మనిషికి ఆ మ్యాప్ ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించు.

1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ, మద్రాసు నగరం ఎవరిదన్న గొడవ, 1951లో ఇదే రాష్ట్రం కోసం స్వామి సీతారాం చేసిన దీక్ష, ఇవన్నీ రెండు మాటల్లో చెప్పినా చాలు. డిసెంబరు 15 నుంచి 19 దాకా మాత్రం తొందరపడకు. డిసెంబరు మొదట్లో ఈ దీక్షను పట్టించుకోదలచుకోలేదని అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి ఉత్తరం రాసిన నెహ్రూ, 19న రాష్ట్రం ఇస్తున్నట్టు ప్రకటించారు. ఈ మధ్యలో జనం రోడ్ల మీదికి వచ్చారు, రైళ్లు ఆపారు, పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లను వదిలేస్తే, ఒక్క మనిషి చనిపోగానే రాష్ట్రం వచ్చేసిందని పిల్లలు నమ్ముతారు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది నెల్లూరు విషయం. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో ఆయన నిరాహార దీక్ష చేశారు. అంటరానితనం పోవాలని బోర్డులు పట్టుకుని ఎండలో చెప్పులు లేకుండా వీధులు తిరిగారు. అదంతా నీ దగ్గర ఒక్క వాక్యం అయిపోయింది. ఎందుకలా జరుగుతుందో నాకు తెలుసు. రాష్ట్రం కోసం చనిపోయిన మనిషికి దండ వేయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. గుడి తలుపు తెరవమని తానున్న ఊరితో తగువు పడ్డ మనిషిని చూపిస్తే ఇప్పటికీ కొందరికి ఇబ్బందే. ఆ ఇబ్బంది పడనీ. ఆయన్ను చివరిదాకా నడిపించిన పట్టుదల అక్కడే కనిపిస్తుంది.

దీక్ష దృశ్యాలు నటుడితో తీస్తానన్నావు. తియ్యి, కానీ అది కల్పిత చిత్రీకరణ అని తెర మీద తప్పకుండా పడాలి. ఇంకెక్కడిదో ఊరేగింపు ఫుటేజ్ తెచ్చి 1952 మద్రాసు అని మాత్రం చూపించొద్దు. ఒకసారి కళ్లతో చూసింది అబద్ధమని తర్వాత ఎంత చెప్పినా ఎవరూ వినరు.

టైం సరిపోదని ప్రొడ్యూసర్ అంటే, విగ్రహానికి దండలు వేసే ఇప్పటి నాయకుల బైట్లు (కెమెరా ముందు చెప్పే మాటల ముక్కలు) తీసెయ్. నెల్లూరుకు కావలసినంత చోటు దొరుకుతుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు