కాటిసీనులో "ఇచ్చోటనే" పద్యం ఎవరిది?

మీ ఊళ్ళో హరిశ్చంద్ర రిహార్సల్స్ నడుస్తున్నాయనీ, కాటిసీను పద్యాలన్నీ బలిజేపల్లివేనా అనీ అడిగారు. అన్నీ కావండి.

నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953) గారిది. కథ అంతకు చాలా పాతది. గౌరన 15వ శతాబ్దంలోనే ద్విపదలో చెప్పాడు. "మాయామేయ జగంబె" బలిజేపల్లి పద్యమే. "ఇచ్చోటనే", "ఎన్నో యేండ్లు గతించిపోయినవి", "ఇట నస్పృశ్యత" మాత్రం గుర్రం జాషువా గారి 'శ్మశానవాటి' ఖండికలోవి. నటులు వాటిని కాటిసీనులో పాడటం మొదలుపెట్టారు, జనం ఒన్స్‌మోర్ కొట్టారు, నాటకంలో కలిసిపోయాయి.

నేను మొదటిసారి హరిశ్చంద్రుడి వేషం కట్టినప్పుడు ఇదేమీ తెలియదు. నాకిచ్చిన రాతప్రతిలో పద్యాలున్నాయి గానీ కవి పేరు లేదు. పైగా "ఇట నస్పృశ్యత" మీద అడ్డగీత కొట్టి ఉంది. టైము చాలదని తీసేశామన్నారు. మా హార్మోనిస్టు పెద్దాయన ఒక రాత్రి రిహార్సల్ అయ్యాక శృతి ఆపకుండా ఆ పద్యం మొత్తం పాడి వినిపించారు. పెబ్బులినీ మేకనూ ఒక పక్కన చేర్చి జోకొట్టే చోటు శ్మశానం, ఇక్కడ అంటరానితనానికి తావు లేదు అంటాడు జాషువా. వినుకొండలో 1895లో పుట్టి, కులం పేరుతో అవమానాలు పడ్డ మనిషి రాసిన మాట అది. ఆ మాట అనేది ఎవరు? వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయిన చక్రవర్తి. ఆ సీనుకి అంతకన్నా తగిన పద్యం నాకు కనబడలేదు. నా ఆలాపనలు తగ్గించుకుని ఆ పద్యాన్ని వెనక్కి తెచ్చుకున్నాను.

పాడేవారికి ఒక్క మాట. "ఇచ్చోటనే" సీసం. కవి కలం, రాజముద్రిక, లేత ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె, నాలుగు పాదాల్లో నలుగురు పోతారు. నాలుగూ ఒకే ఎత్తున లాగితే రాగం మిగులుతుంది, మనుషులు కనబడరు. నల్లపూసల దగ్గర గొంతు బాగా దించండి. అక్కడ హార్మోనియం కూడా సన్నగా ఉంటే చాలు. "ఎన్నో యేండ్లు" శార్దూలం, దానికి ముందు కాసేపు ఊరుకోండి. చప్పట్లు వచ్చినా తొందరపడొద్దు.

తెర లేచే ముందు మైకులో బలిజేపల్లి వారి పేరుతో పాటు జాషువా గారి పేరూ చెప్పించండి. మేము ఇప్పటికీ చెబుతున్నాం.