ముప్పై సెకన్లలో ఒక కుండ

చిరంజీవి చిట్టికి,

మావయ్య ఆశీస్సులు. మీ తొమ్మిదో తరగతి ప్రాజెక్టుకి మట్టి కుండ మీద యాడ్ తీస్తున్నారని, నిన్ను డైరెక్టర్‌ని చేశారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన స్క్రిప్టు నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఇరవై రెండేళ్లుగా యాడ్ ఫిల్ముల ఎడిటింగే నా పని కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. కుండని ఎంచుకోవడం చాలా బాగుంది. స్క్రిప్టు మాత్రం మళ్లీ రాయాలి.

కుండ నీళ్లు చల్లన, ఆరోగ్యం, ప్లాస్టిక్ ఉండదు, కరెంటు ఖర్చు లేదు, కుమ్మరులకు పని దొరుకుతుంది, మన సంప్రదాయం. మొత్తం ఆరు సంగతులు చెప్పావు. ముప్పై సెకన్లు చూసి లేచిన మనిషికి ఒకటి గుర్తుంటే గొప్ప. ఆరు చెబితే ఆ ఒకటి కూడా ఉండదు. 1941 జూలై 1న అమెరికాలో టీవీలో వచ్చిన మొట్టమొదటి అధికారిక ప్రకటన బులోవా గడియారాలది. పది సెకన్లే. తెర మీద దేశపటం, దాని మీద ఒక గడియారం, ఒక్క వాక్యం. ఇంకేమీ లేదు.

నన్నడిగితే 'కరెంటు లేకుండా చల్లబడుతుంది' అన్నది పట్టుకో, అది కంటికి చూపించగలం కాబట్టి. కుండ గోడలో కనపడనంత సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్లు బయటికి ఊరి ఆవిరవుతాయి, పోతూ పోతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. అమ్మమ్మ 'కుండ చెమర్చింది' అనేది దాన్నే. పొడి కుండలో నీళ్లు పోసి, కిటికీ పక్కన పెట్టి, ఫోన్ కదలకుండా నిలబెట్టి టైమ్‌ల్యాప్స్ (చాలాసేపు జరిగేదాన్ని కొన్ని సెకన్లలో చూపించేది) ఆన్ చెయ్యి. తడి మచ్చలు మచ్చలుగా పుట్టి, ఒకదానికొకటి కలిసి, ఇటుక రంగు కాస్తా ముదురు ఎరుపుకి తిరుగుతుంది. అంతకంటే మంచి షాట్ నీ యాడ్‌కి దొరకదు. ఎంతసేపు పడుతుందో కుండని బట్టి ఉంటుంది, ముందురోజే ఒకసారి చూసుకో. తొందరపడి బయట నుంచి నీళ్లు చిలకరించి చెమట అని చూపించొద్దు.

'ఫ్రిజ్ నీళ్లు తాగితే జబ్బులు వస్తాయి' అన్న లైను కొట్టెయ్యి. రుజువు చూపించలేనిది యాడ్‌లో అనకూడదు. మన దేశంలో ప్రకటనలు నిజాయితీగా ఉన్నాయా లేదా అని చూడడానికి 1985 నుంచి యాడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఉంది. స్కూలు ప్రాజెక్టు దాకా వాళ్లు రారు, అయినా ఆ అలవాటు నీకు ఇప్పటి నుంచే ఉండాలి. దానికి బదులు మీ సైన్స్ టీచర్ని అడిగి ల్యాబ్ థర్మామీటర్ తెచ్చుకో. మధ్యాహ్నం రెండింటికి బిందెలో నీళ్ల వేడి ఎంత, కుండలో నీళ్ల వేడి ఎంత చూడు. ఆ రెండు అంకెలు తెర మీద వెయ్యి. మీ ఊళ్లో ఎండ పొడిగా కాస్తుంది కాబట్టి తేడా బాగానే తెలుస్తుంది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో ఇంత తెలియదు.

ఇక ప్లాను. ఏ4 కాగితం మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్లు వస్తాయి. ఒక్కో గడిలో ఒక్కో షాట్ పెన్సిల్‌తో గియ్యి. బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు, గుండ్రంగా ఉంటే కుండ, గీత గీస్తే చెయ్యి. ఎనిమిది గళ్లలో కథ పట్టకపోతే కథే ఎక్కువైందని అర్థం. మాటలు నలభైకి మించనివ్వకు. గట్టిగా చదువుతూ స్టాప్‌వాచ్ పెట్టుకో, మనసులో చదివితే ఎప్పుడూ టైమ్ తక్కువే వస్తుంది. చివరి నాలుగైదు సెకన్లు మాటలేమీ లేకుండా వదిలెయ్యి.

షూటింగ్ రోజు మొదట ఫోన్ లెన్స్ మెత్తటి నూలు గుడ్డతో తుడువు. నవ్వొద్దు, సగం వీడియోలు మసగ్గా ఉండేది వేలిముద్రల వల్లే. ఫోన్ అడ్డంగా పట్టుకో. తెర మీద కుండ ఉన్న చోట వేలితో కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి, మధ్యలో బొమ్మ దానంతటది మారదు. ట్యూబ్‌లైట్ వద్దు, ఉదయం ఎండ పక్క నుంచి పడనివ్వు. గ్లాసులో నీళ్లు పోసే షాట్‌కి మాత్రం వెలుగు వెనక నుంచి రావాలి, అప్పుడే ధార మెరుస్తుంది. వాడుకునేది మూడు సెకన్లే అయినా ప్రతి షాట్ పది సెకన్లు తియ్యి.

బొమ్మ సరిగ్గా రాకపోతే ఎలాగోలా సర్దుకోవచ్చు, శబ్దం పోతే ఏమీ చెయ్యలేం. ఎన్నో ఏళ్ల కిందట ఒక పచ్చడి యాడ్ ఒకరింటి వంటగదిలో తీశాం. ఒక పెద్దావిడ వేడన్నంలో పచ్చడి కలుపుతుంటే వేళ్ల చప్పుడు, గాజుల చప్పుడు ఎంత బాగా వచ్చాయో. ఎడిటింగ్‌కి కూర్చున్నాక చూస్తే ఒక షాట్‌లో ఫ్రిజ్ గుర్రుమంటోంది, పక్క షాట్‌లో లేదు. అతికిన చోటల్లా తెలిసిపోయింది. ఆ శబ్దాలన్నీ పారేసి మళ్లీ రికార్డు చేశాం, మొదటిసారి వచ్చినట్టు రాలేదు. ఇప్పటికీ బాధే నాకు. అందుకే ఫ్యాను, ఫ్రిజ్ ఆపెయ్యి. ఫ్రిజ్ మళ్లీ వెయ్యడం మర్చిపోతే ఇంట్లో పాలు విరిగిపోతాయి కాబట్టి నాన్న బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టు. తాళాల కోసం వెతికినప్పుడు గుర్తొస్తుంది. మా వాళ్లంతా చేసేది ఇదే.

సినిమా పాట పెట్టొద్దు. అది ఇంకొకళ్లది, పైగా అందరూ పాట వింటారు, కుండని చూడరు. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మమ్మ వేలితో టంగుమని కొట్టి పగులు ఉందో లేదో చూసేది, గుర్తుందా? ఆ చప్పుడుతో యాడ్ మొదలుపెట్టు. చెంబు ముంచిన బుడుంగు, గ్లాసులో పడే ధార, ఒక గుటక. అంతే నీ సంగీతం. వీటిని ఫోన్ దగ్గరగా పెట్టి విడిగా రికార్డు చెయ్యి. వెనక మాటలు మాత్రం దుప్పటి కప్పుకుని చెప్పు, గది ప్రతిధ్వని గొంతులో దూరదు.

మీ వీధి చివర కుమ్మరి తాతని చూపించాలనుకుంటే ముందురోజు కెమెరా లేకుండా వెళ్లి కూర్చో. అడుగు. కుండ ఆయన దగ్గరే కొను. పని ఆపి పోజు ఇమ్మనకు, సారె తిరుగుతున్నప్పుడు ఆయన బొటనవేళ్లు దగ్గరగా తియ్యి. పూర్తయ్యాక స్కూల్లో కంటే ముందు ఆయనకే చూపించు.

ఎడిటింగ్‌కి ఏ యాప్ అయినా ఒకటే. ముందు గొంతు పరిచి, దాని మీద బొమ్మలు పేర్చు. మెరుపులు, గిరగిర తిరిగే ట్రాన్సిషన్లు వద్దు, షాట్ పక్కన షాట్ పెట్టు చాలు. నీళ్ల ధార చప్పుడు బొమ్మ కంటే అర సెకను ముందే వినపడనివ్వు, ఎంత హాయిగా ఉంటుందో నీకే తెలుస్తుంది. అయ్యాక ఒకసారి శబ్దం ఆపేసి చూడు. తర్వాత కథ తెలియని వాళ్లకి చూపించి 'ఏం చెప్పాం?' అని ఒక్క ప్రశ్న అడుగు. వాళ్లు తడుముకుంటే ఉన్నవాటిలోంచి ఇంకో షాట్ కోసెయ్యి.

నా పాత ట్రైపాడ్ శనివారం నాన్నతో పంపుతున్నాను. ఒక కాలు వదులైంది, స్క్రూ బిగించి వాడు. రఫ్ కట్ (మొదటి కూర్పు) ఆదివారం రాత్రి పంపితే సోమవారం పొద్దున్నే చూసి ఫోన్ చేస్తాను.

మావయ్య